ఎగిరింది, ఇంకా దిగలేదు

పోలీసుల పిస్తోళ్లు బాగుచేసే ఆ గదిలో గోడ గడియారానికి అద్దం లేదు. ఎందుకు లేదని కొత్తవాళ్లు అడిగితే అందరూ సీనియర్ మెకానిక్కు వైపు చూపిస్తారు. ఆయన్ని అడిగితే "పనేం లేదా మీకు?" అని విసుక్కుంటాడు. జరిగిందేమిటంటే, ఆయన ఒకరోజు పిస్తోలు విప్పుతూ, గొట్టం కింద ఉండే పెద్ద స్ప్రింగుని బొటనవేలితో నొక్కిపట్టి, సరిగ్గా అప్పుడే పక్కవాడు వేసిన జోకుకి పగలబడి నవ్వాడు. స్ప్రింగు నవ్వలేదు. దాని మూతికి ఉండే ఉక్కు మూత ఆయన చెవి పక్కనుంచి వెళ్లి గడియారాన్ని పలకరించింది. ఆ రోజు నుంచి ముళ్లు గాలికీ దుమ్ముకీ ఎదురుగా తిరుగుతున్నాయి. అయినా టైము మాత్రం తప్పలేదు.

ఇలాంటివి ఆ గదిలో బోలెడు జరిగాయి. ఒకాయన కనుబొమ్మ మధ్యలో చీలి ఉంటుంది, అది పెళ్లికాక ముందు తగిలిన స్ప్రింగు. ఇంకొకాయన రెండు రోజులు వెతికి వెతికి ఆశ వదులుకున్న పిన్ను మూడో రోజు తన టిఫిను డబ్బా మడతలో దొరికింది. పిస్తోలంటే బయటివాళ్లకి గుండు భయం. లోపలివాళ్లకి గుండు భయం లేదు, అది తీసేశాకే పని మొదలుపెడతారు. వాళ్ల భయమంతా స్ప్రింగుతోనే. అది ఏళ్ల తరబడి ముడుచుకుని కూర్చుని, ఎవడు ఎప్పుడు ఏమరుపాటుగా ఉంటాడా అని చూస్తూ ఉంటుంది.

ఆ గదిలో ఇరవై నాలుగేళ్లుగా ఒక్క ముక్క కూడా పోగొట్టని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమెని అందరూ సంచక్క అంటారు. యాభై మూడేళ్లు ఉంటాయి. ఒత్తయిన జుట్టు, సగం నెరిసింది, దాన్ని బిగించి కొప్పు పెట్టుకుంటుంది. కోపం మాత్రం ఇంకా నెరవలేదు.

సంచక్క ఆ గదిలోకి మొదట వచ్చింది చీపురు పట్టుకుని. వాళ్ల నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. అందుకని స్ప్రింగు ఎటు ఎగురుతుందో, ఎక్కడ దాక్కుంటుందో ఆమెకి చిన్నప్పటి నుంచే తెలుసు. మెకానిక్కులు ఏదన్నా ముక్క ఎగిరిపోతే రెండు నిమిషాలు వంగి చూసి, నడుం పట్టుకుని లేచి, రిజిస్టరులో "పోయింది" అని రాసి చేతులు దులుపుకునేవాళ్లు. ఆమె ఊడ్చేటప్పుడు ఆ ముక్కలు దొరికేవి. ఇస్తే తీసుకునేవాళ్లు కాదు, ఆల్రెడీ రాసేశాం, ఇప్పుడు మళ్లీ ఎక్కడ పెట్టమంటావ్ అనేవాళ్లు. సరే అని ఆమె ఒక ఖాళీ రేకు డబ్బాలో వేసుకుంటూ వచ్చింది. రెండేళ్లలో నలభై ఒకటి అయ్యాయి.

అప్పటి ఫోర్‌మన్ ముసలాయన ఒకరోజు చిన్న స్ప్రింగు ఒక్కటి లేక గదంతా చిందులు తొక్కుతున్నాడు. ఆమె చీపురు కిటికీకి ఆనించి, డబ్బా తెచ్చి బెంచీ మీద బోర్లించింది. "ఇదిగోండి, ఇది మీకు కావాల్సింది. ఇది పొట్టి పిస్తోలుది. ఇవి మూడూ పాతవాటివి, ఇప్పుడు రావట్లేదు" అని వేలితో ఒక్కొక్కటే వేరుచేసింది. గదిలో అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ముసలాయన ఆ స్ప్రింగు తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. తర్వాత కాలితో ఒక స్టూలు ఆమె వైపు తోశాడు.

"కూర్చో" అన్నాడు.

మెకానిక్కు పరీక్ష రాసింది, తప్పింది, మళ్లీ రాసి గట్టెక్కింది. బెంచీ మీద కూర్చున్నాక ఆమె గదికి రెండు నియమాలు పెట్టింది. ఒకటి, విప్పేటప్పుడు పిస్తోలు మూతి పరుపు వైపు ఉండాలి, మొహం పక్కకి ఉండాలి. ఆ పరుపు ఆమే ఎదురు గోడకి వేలాడదీయించింది, ఎగిరినవి అందులో దిగబడతాయని. రెండోది, ముక్క ఎగిరితే ఎవరూ కదలకూడదు. అడుగు తీసి అడుగేస్తే దాన్ని తొక్కడమో తన్నడమో ఖాయం. నిలబడి చప్పుడు వినాలి. రేకు మీద పడితే ఒక చప్పుడు, చెక్క మీద పడితే ఒక చప్పుడు. చప్పుడే లేకపోతే మెత్తని చోట పడిందన్నమాట.

మూడోది నియమం కాదు, మంకుపట్టు. ఆ గదిలో "పోయింది" అనే మాట ఆమె చెవిన పడకూడదు.

"పోవడానికి దానికేమన్నా కాళ్లున్నాయా? ఎగిరింది అనండి. ఎగిరిందంటే ఎక్కడో దిగే ఉంటుంది. పోయిందన్నారో, ఇక వెతకరు మీరు" అనేది.

పేరుకి కారణమైన సంచి మాత్రం ఆమె భర్త పనితనం. ఆయన దర్జీ. పాత దిండు గలీబు తీసుకుని, పైన ఒక దళసరి ప్లాస్టిక్ కాగితం కిటికీలా కుట్టి, రెండు పక్కలా ఎలాస్టిక్ వేసిన చేతులు పెట్టాడు. పిస్తోలు లోపల, చేతులు లోపల, కళ్లు బయట. స్ప్రింగు ఎంత ఎగిరినా సంచిలోనే ఎగరాలి. "నా పెళ్లాం కోసం కుట్టిన వాటిల్లో ఇదొక్కటే సైజు సరిపోయింది" అని ఆయన అందరితో చెప్పుకునేవాడు.

నాలుగు నెలల కింద కొత్త ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. ఇంజినీరింగు చదివాడు, మర్యాదగా మాట్లాడతాడు, అందరికంటే ముందు వస్తాడు. కాకపోతే ఏదైనా చూడ్డానికి బాగుంటేనే బాగున్నట్టు అని ఆయన నమ్మకం. పై నుంచి తనిఖీకి వస్తున్నారని కబురు రాగానే గదికి సున్నం వేయించాడు, బెంచీలకి రంగు వేయించాడు, తర్వాత సంచక్క దగ్గరకొచ్చి ఆగాడు.

"ఇదేంటమ్మా, దిండు గలీబా?"

"చేతుల సంచి సార్."

"పెద్దవాళ్లు చూస్తే నవ్వుతారమ్మా. ఇది వర్క్‌షాపు, పడగ్గది కాదు కదా. మాన్యువల్‌లో ఇలాంటిది ఎక్కడా లేదు."

"మాన్యువల్ రాసినాయన నేల మీద పాకి వెతికి ఉండడు సార్."

పక్కవాళ్లు తలలు దించుకుని నవ్వు మింగారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు. సంచిని నీటుగా మడిచి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ మడవడం చూస్తేనే ఆమెకి ఒళ్లు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడుంబావుకి ఆమె చేతిలోంచి స్ప్రింగు ఎగిరింది. పిస్తోలు పక్కన, పేలకుండా ఆపే తాళం మీట కింద కూర్చుంటుంది అది, వడ్లగింజంత ఉంటుంది. మీట లాగేటప్పుడు దాన్ని వేలితో కప్పిపట్టుకోవాలి. ఇరవై ఏళ్లు సంచిలో చేసిన వేలికి బయట చేయడం కొత్తయిపోయింది. జారింది.

"ఎగిరింది!" అని కేకపెట్టింది.

గదిలో ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. టీ గ్లాసు నోటిదాకా తెచ్చినవాడు అలాగే ఉండిపోయాడు. గడియారం ఒక్కటే కదిలింది. చప్పుడు లేదు.

"పరుపే అక్కా, అనుమానం లేదు" అన్నాడు సీనియర్ మెకానిక్కు.

పరుపు దించారు, తడిమారు, అయస్కాంతం తిప్పారు, ఆఖరికి కత్తితో కోసి దూదంతా పీకారు. కొత్త సున్నం గోడలకి దూది అంటుకుని గదంతా గొర్రెపిల్లలా తయారైంది. స్ప్రింగు లేదు. బెంచీలు జరిపారు, కిటికీ గాడులు గీకారు, గడియారం దించి దులిపారు. సాయంత్రం గేటు దగ్గర ఒక్కొక్కరి జేబులూ బయటికి తిప్పారు. లేడీ కానిస్టేబులు సంచక్క టిఫిను డబ్బా తెరిపించింది, చెప్పులు విప్పించి అడుగులు చూసింది. ఇన్నేళ్ల సర్వీసులో మొదటిసారి గేటు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. ఆ గది ఊడ్చే ఆవిడ సంచక్క ఈడుదే, ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. శుక్రవారం నాలుగింటికి రోజూలాగే వరండా ఊడ్చి, చెత్త బయట తొట్టిలో పోసింది. ఆఫీసరు లెక్క తేలిపోయింది. స్ప్రింగు దొర్లి వరండాలోకి వెళ్లింది, ఈవిడ చూసుకోకుండా పారబోసింది. విషయం తేలేదాకా రావద్దని గేటు దగ్గరే వెనక్కి పంపేశారు.

సంచక్క తిన్నగా ఆఫీసరు టేబులు దగ్గరికెళ్లింది.

"ఆవిడ చెత్త జల్లెడ పట్టి, అయస్కాంతం తిప్పి, నాకు చూపించాకే పారబోస్తుంది సార్. నేనే నేర్పాను. నిన్న కూడా చూపించింది."

"మరి స్ప్రింగేదమ్మా?"

"ఎగిరింది."

ఆయన రిజిస్టరు తెరిచి ఆమె ముందుకి జరిపాడు. "ఊడ్చేటప్పుడు పోయింది అని రాసి సంతకం పెట్టండి. మీ మీదకి రాకుండా నేను చూసుకుంటాను. మీ సర్వీసు మీద నాకు గౌరవముంది."

ఆమె కళ్లజోడు పెట్టుకుని, కలం తీసుకుని, తొందరేం లేకుండా రాసింది. రాసి ఆయన వైపు తిప్పింది. "ఎగిరింది. ఇంకా దిగలేదు."

"ఇదేమన్నా పిట్టా అమ్మా?" అన్నాడు ఆఫీసరు, మొదటిసారి గొంతు పెంచి. "ఆయుధం తాలూకు భాగం. ఉద్యోగం పోతుంది తెలుసా?"

"తెలుసు సార్. ఉద్యోగం పోతుంది. స్ప్రింగు మాత్రం ఎగిరింది."

"సోమవారం పదింటికల్లా ఇది కొట్టేసి సరిగ్గా రాయాలి. లేదంటే మీరిక బెంచీ మీద కూర్చోనక్కర్లేదు."

"అలాగే సార్. సంచి బీరువాలో ఉందన్న సంగతి కూడా రాయమంటారా?"

ఆయన రిజిస్టరు మూశాడు. ఆమె జవాబు కోసం నిలబడలేదు.

ఆదివారం పొద్దున తలంటుకుందామని జుట్టు విప్పింది. శుక్రవారం నుంచి తలలో దువ్వెన పెడితే ఒట్టు, అంత చిరాకులో ఉంది. రెండు రాత్రులూ ఆ కొప్పుతోనే పడుకుంది. కుడి భుజం పైకి లేవదు కాబట్టి చిక్కు తీసే పని భర్తది. ఆయన వెనకాల స్టూలు వేసుకుని కూర్చుని దువ్వుతూ, ఒకచోట ఆగాడు. మళ్లీ లాగాడు.

"అబ్బా! మెల్లిగా" అంది.

"ఉండు ఉండు, ఇక్కడేదో పట్టేసింది." ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి దగ్గరగా చూశాడు. "ఏమే, నీ బుర్రలో స్ప్రింగులు తిరుగుతుంటాయని ముప్పై ఏళ్లుగా అంటున్నానా? ఇవాళ రుజువైంది."

ఆమె నవ్వలేదు. చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది. వేలికి తగలగానే తెలిసిపోయింది. చప్పుడెందుకు రాలేదో కూడా తెలిసిపోయింది.

గోడ వైపు ఎగరాల్సింది ఆమె నెత్తి మీదకి ఎలా వచ్చింది? ఒక్కటే దారి. ఆ రోజు వేలు జారుతుందేమోనని భయమేసి, దగ్గరగా చూద్దామని, పిస్తోలు తన వైపు తిప్పుకుని తల వంచింది. మూతి గోడకి, మొహం పక్కకి అని ఇరవై నాలుగేళ్లు గొంతు చించుకుని, ఎంతమందినో తిట్టి, తనే పప్పులో కాలేసింది. అందుకే గదిలో ఏ ఒక్కడికీ ఆమె తల చూడాలని తట్టలేదు. సంచక్క తన వైపు తిప్పుకుంటుందని ఎవడనుకుంటాడు? పాపం పరుపు అన్యాయంగా చచ్చింది.

"తీసేస్తున్నా" అన్నాడు భర్త.

"తియ్యకు."

"అదేంటి? రేపు తీసుకెళ్లి ఏ బెంచీ కిందో పడేసి, ఇదిగో దొరికింది అంటే సరిపోయె. నీ బెంచీ నీకుంటుంది, నీ మాటా నీకుంటుంది."

అంత తేలిగ్గా తేలిపోయే సంగతే, అబద్ధమెందుకు, ఆశ పుట్టింది ఆమెకి. తర్వాత తల అడ్డంగా ఊపింది. చిక్కు లాగి నొప్పెట్టింది.

"బెంచీ కింద దొరికిందంటే కింద ఊడ్చిన మనిషి సరిగ్గా ఊడ్వలేదని రాస్తారు. కిటికీలో దొరికిందంటే కిటికీ చూసినవాడి తప్పంటారు. ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. అది పడిన నెత్తి ఇదిగో, ఇది."

"మరి దొంగతనం అంటేనో?"

"అననీ. ఆ అన్నవాళ్ల మొహం చూడాలని ఉంది నాకు."

ఆయన దువ్వెన పక్కన పెట్టాడు. ఆ ఒక్క చోటు వదిలేసి మిగతా జుట్టంతా జాగ్రత్తగా చిక్కు తీసి, మళ్లీ ముడి వేసి, పైన ఒక గుడ్డ కట్టాడు. దర్జీ చెయ్యి కదా, గుడ్డ చివర్లు కూడా సమంగా కుదిరాయి.

సోమవారం ఆమె వదిన ఇంటి మీదుగా వెళ్లి ఆవిడ్ని వెంటపెట్టుకుని బయల్దేరింది. గేటు దగ్గర కాపలా కానిస్టేబులు అడ్డుపడ్డాడు.

"ఈవిడకి లోపలికి పర్మిషన్ లేదక్కా."

"నాకుందా?"

"మీకుంది."

"ఈవిడ నాతో వచ్చింది. నా తల దువ్వడానికి." అని వదిన చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. తల దువ్వేవాళ్ల గురించి ఏ ఆర్డరూ లేదు పాపం, ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

పదయ్యేసరికి గదిలో అందరూ ఉన్నారు. సంచక్క స్టూలు గది మధ్యకి లాక్కుని, ఆఫీసరుకి వీపు పెట్టి కూర్చుని, గుడ్డ విప్పి ముడి విప్పింది. నెరిసిన జుట్టు నడుం దాకా పడింది. ఇన్నేళ్లలో ఆ జుట్టు ఎవరూ అలా చూడలేదు. కొందరు మొహం తిప్పుకున్నారు.

"అందరూ ఇటు చూడండి. వదినా, ఇక్కడ, కొప్పు మొదట్లో. ఏముందో చెప్పు."

వదిన పాయ విడదీసి చూసింది. "స్ప్రింగు" అంది.

మూడు రోజుల్లో వెంట్రుకలు ఆ చుట్ల మధ్య ఎంతగా అల్లుకుపోయాయంటే ఊడి రాలేదు. సీనియర్ మెకానిక్కు కత్తెర తెచ్చాడు. వదిన కత్తిరించి, బెంచీ మీద తెల్లకాగితం మీద పెట్టింది. వడ్లగింజంత స్ప్రింగు, దానికి నాలుగు వేళ్ల పొడుగు నెరిసిన వెంట్రుకలు. కావాలని పెట్టుకున్నదని ఎవరూ అనలేని విధంగా ఉంది. ఆఫీసరు వంగి చూశాడు. ఆయన మొహంలో ముందు ఊరట కనిపించింది, తర్వాత ఆలోచన.

"ఇది మీ తలలోకి ఎలా వచ్చింది?"

"నా వైపు తిప్పుకున్నాను సార్. తప్పు చేశాను." గదిలో అందరికీ వినపడేలా అంది. ఆ ఒక్క మాట అనడానికి రాత్రంతా గుండె రాయి చేసుకుంది ఆమె.

"గేటు దాటి ఇంటికి పట్టుకెళ్లారు. మూడు రాత్రులు. దీన్నేమంటారు?"

"సర్కారు సొత్తుని నెత్తిన పెట్టుకుని చూసుకున్నానంటారు సార్."

ఈసారి ఎవరూ నవ్వు మింగలేదు. ఆఫీసరు అందర్నీ ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "చూడండమ్మా, బెంచీ సందులో దొరికిందని రాసేద్దాం. మీకూ మంచిది, నాకూ మంచిది. ఆవిడని కూడా రేపట్నుంచి రమ్మంటాను."

"రమ్మనడం మీ దయ కాదు సార్. ఆవిడ తప్పు లేదు కాబట్టి రావాలి. అది రాస్తాను."

రాసింది. శనివారం రాసిన దాని కిందే, అదే కలంతో. "నా చేతిలోంచి ఎగిరింది. నా కొప్పులో దిగింది. ఊడ్చిన మనిషి తప్పేమీ లేదు." సంతకం పెట్టి, వదినకి చదివి వినిపించింది. వదిన కొంగుతో కాదు, చేతికందిన బెంచీ తుడిచే గుడ్డతోనే కళ్లు తుడుచుకుంది, దుమ్ము పడి మళ్లీ నీళ్లొచ్చాయి.

దానికి తగ్గ ఫలితం మధ్యాహ్నానికే వచ్చింది. అజాగ్రత్తకి, ఎదురు మాట్లాడినందుకు, నెల రోజులు బెంచీ దిగి ఊడ్చే పనిలో ఉండాలని ఆర్డరు. సీనియర్ మెకానిక్కు "ఇది అన్యాయం అక్కా, అందరం కలిసి వెళ్లి అడుగుదాం" అన్నాడు. ఆమె చీపురు తీసుకుని, చేత్తో కొట్టి దుమ్ము దులిపింది.

"దీంతోనే వచ్చాను. దీనికి నేను భయపడతానని ఎవరన్నా అనుకుంటే వాళ్లకి నా సంగతి తెలీదు. మీరు పని చూసుకోండి."

వదిన ఒక కొస నుంచి, ఆమె ఒక కొస నుంచి ఊడ్చుకుంటూ వచ్చేవాళ్లు. గది అద్దంలా ఉండేది. బెంచీ మీద మాత్రం పని పేరుకుపోయింది. తనిఖీ పదకొండు రోజుల్లో ఉంది, పిస్తోళ్లు వరసగా ఎదురుచూస్తున్నాయి, సంచక్క స్టూలు ఖాళీగా ఉంది. ఆఖరికి గురువారం ఆఫీసరే చొక్కా చేతులు మడిచి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. కోర్సులో నేర్చుకున్నవాడే. రెండు విప్పాడు, మళ్లీ బిగించాడు. బాగానే చేశాడు కూడా, లేదనకూడదు. మూడోది విప్పుతుంటే ఎవరో ఫైలు పట్టుకొచ్చారు. ఆయన తల తిప్పాడు.

ఏదో చిన్నది వెళ్లింది. గదిలో అందరూ ఎక్కడివాళ్లు అక్కడ ఆగారు. ఆఫీసరు లేచి నిలబడ్డాడు, ఖాళీ అయిన తన వేళ్లకేసి చూసుకున్నాడు. సంచక్క తలుపు దగ్గర చీపురు మీద చేతులు ఆనించి నిలబడి ఉంది. ఎవరూ ఆయన మొహం చూడటం లేదు, అందరూ ఆమె మొహమే చూస్తున్నారు.

"పో..." అన్నాడు ఆయన. ఆగిపోయాడు.

ఆమె ఏం సాయం చెయ్యలేదు. ఎదురుచూసింది.

"ఎగిరింది" అన్నాడు ఆఫీసరు.

"అయితే కదలకండి" అంది సంచక్క, చీపురు గోడకి ఆనిస్తూ.

ఆయన ఎత్తిన కాలు అలాగే గాల్లో ఉంచాడు.